పాత ఎంజీ టీడీకి ‘ఫుల్ ఒరిజినల్ స్పేర్స్ కిట్’: లక్షా అరవై వేలు పెట్టొచ్చా?

అమలాపురం నుంచి అడిగిన బాబుగారి ప్రశ్న, చదవని వాళ్ల కోసం రెండు ముక్కల్లో: తాతగారు మద్రాసులో కొన్న 1952 ఎంజీ టీడీ, అంటే పాత ఇంగ్లీషు రెండు సీట్ల కారు, కొబ్బరితోటలో షెడ్డు కింద ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉంది. దాన్ని లేపాలని ఇప్పుడు ముచ్చట పుట్టింది. ముంబైలో ఒకాయన నలభై ఆరు ఐటమ్‌లున్న ‘ఫుల్ ఒరిజినల్ స్పేర్స్ కిట్’ ఫొటోలు పంపి 1,60,000 చెప్పాడు. తీసుకోవాలా? తీసుకుంటే మన తేమలో ఎలా దాచాలి? బానెట్ కింద టూల్ బాక్సులో దొరికిన తాతగారి పానాల సంచిని ఏం చెయ్యాలి?

సూటిగా చెప్తానండి. కిట్‌గా తీసుకోకండి. అందులోంచి ఏరుకుని తీసుకోండి. ఏరే ముందు మీ ఇంజన్ నంబరు చూసుకోండి. ఆ పెట్టె ఇంగ్లండ్‌లో ఎంజీ కార్లు చేసిన ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో కట్టింది కాదు. నాలుగు చోట్ల పోగేసిన సరుకుని ఒక చెక్కపెట్టెలో సర్ది ‘కిట్’ అని పేరు పెట్టారు. అందులో తప్పు లేదు, నేనూ అలా అమ్మినవాడినే. కానీ కిట్ అనే మాటకి ఎవరూ అదనంగా డబ్బులివ్వకూడదు.

నేనెవరో కూడా చెప్పాలి కదా. ముప్పై నాలుగేళ్లు పాలకొల్లులో లేతు, ఇంజన్ బోరింగ్ షెడ్డు నడిపాను. నాకు అన్నం పెట్టింది ట్రాక్టర్లు, లారీలు, పడవ ఇంజన్లే. పాత ఇంగ్లీషు కార్లు సరదా మాత్రమే. ఆ సరదా మీద పోగొట్టుకున్న డబ్బుకి మా ఆవిడ దగ్గర లెక్క ఉంది, నా దగ్గర లేదు.

కిట్ అనే మాటని మూడు రకాలుగా వాడతారు, ముందు అది విడదీసుకోండి. బండితో పాటు ఫ్యాక్టరీ ఇచ్చిన పానాలు, జాకీ, గ్రీజు గన్ ఉన్నది టూల్ కిట్. కార్బురేటరో, మాస్టర్ సిలిండరో విప్పి బిగించడానికి కావలసిన చిన్న సామాను ఒకే ప్యాకెట్లో వచ్చేది రిపేరు కిట్. మూడోది మీకు వచ్చినలాంటిది, అమ్మేవాడు కట్టిన మూట. మొదటిది దాచుకునే వస్తువు, రెండోది వాడుకునే వస్తువు, మూడోది బేరమాడే వస్తువు.

ఇంజన్ నంబరు సంగతికి వద్దాం. అసలు డబ్బు పోయేది ఇక్కడే. మీ బండిలో ఉండాల్సింది ఎక్స్‌పీఏజీ ఇంజన్, 1250 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 66.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90. ఒక చిన్న ఇత్తడి పలక మీద దాని నంబరు ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూడండి, ఉప్పుకాగితం మాత్రం పెట్టకండి. పలక మీద ‘టీడీ’ అని ఉందా, ‘టీడీ2’ అని ఉందా అన్నది మొదటి ప్రశ్న. తొలి ఇంజన్లకి క్లచ్ ప్లేటు ఏడుంపావు అంగుళాలు. టీడీ2లో 9408 నంబరు నుంచి ఎనిమిది అంగుళాలు. ఫ్లైవీలూ దానికి తగ్గట్టే మారింది, కాబట్టి ఒకదాని ప్లేటు ఇంకోదానికి రాదు.

తణుకులో ఒక పెద్దాయన ఇలాగే ఎనిమిది అంగుళాల ప్లేటు, ప్రెషర్ ప్లేటు కలిపి ఢిల్లీ నుంచి తెప్పించారు. మైనపు కాగితం కూడా విప్పని సరుకు. చూస్తే ముద్దొచ్చేలా ఉంది. గేర్‌బాక్సు దింపాక తెలిసింది, ఆయన బండి తొలి రకమని. ఆ ప్లేటు ఇప్పటికీ వాళ్ల హాల్లో షోకేసులో నటరాజ విగ్రహం పక్కన ఉంది. వచ్చినవాళ్లకి ఆయనే నవ్వుతూ చూపిస్తారు, అది వేరే విషయం.

హెడ్ ప్యాకింగ్‌ది కూడా ఇదే తంతు. తొలి ఇంజన్లలో హెడ్‌కీ బ్లాకుకీ మధ్య నీళ్లు వెళ్లే కన్నాలు అరటిపండులా పొడుగ్గా ఉంటాయి. చివరి రోజుల ఇంజన్లలో గుండ్రంగా ఉంటాయి. మీ హెడ్ ఏదో, బ్లాకు ఏదో చూసి దానికి సరిపడే ప్యాకింగే వెయ్యాలి. ఆ మార్పుతోనే స్పార్క్ ప్లగ్గు మర పొడవు కూడా అరంగుళం నుంచి ముప్పావు అంగుళం అయింది. పొట్టి ప్లగ్గు ఉండాల్సిన హెడ్‌లో పొడుగుది బిగిస్తే మర చివర లోపలికి పొడుచుకొస్తుంది. ఆ పైన ఏం తగులుతుందో మీ అదృష్టం. డెబ్భై ఏళ్ల బండి కాబట్టి పలక మీది నంబరు ఒకటి, లోపలున్న హెడ్ ఇంకొకటి అయినా ఆశ్చర్యపోకండి. మద్రాసులో ఎప్పుడో ఎవరో మార్చి ఉండొచ్చు. అందుకే నంబరు చూశాక కూడా కళ్లతో చూడాలి.

పిస్టన్లు, బేరింగ్ షెల్స్ విషయంలో ఒకటే మాట: కొలత తీయకముందు కొనకండి. బోరు అరిగితే ఓవర్‌సైజు పిస్టన్ కావాలి. క్రాంకు గ్రైండింగ్ చేస్తే అండర్‌సైజు షెల్ కావాలి. మీ పెట్టెలో ఉన్న స్టాండర్డ్ సైజు పిస్టన్ల సెట్టు ఎంత బాగున్నా, మీ బోరు అందుకు ఒప్పుకుంటేనే పనికొస్తుంది. నా షెడ్డుకి వచ్చిన పాత బళ్లలో పదింటికి ఎనిమిది ఒప్పుకోలేదు.

ఇంకో గొడవ మరల గురించి. ఈ ఇంజన్‌లో బోల్టుల మర మిల్లీమీటర్లలో ఉంటుంది, తల మాత్రం విట్‌వర్త్ అనే పాత ఇంగ్లీషు కొలత. ఇదేం పిచ్చి అంటే, 1923లో మోరిస్ కార్ల కంపెనీ వాళ్లు ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇంజన్ ఫ్యాక్టరీని కొన్నారు. అక్కడి మెషిన్లు ఫ్రెంచి కొలతల్లో మర కోసేవి. ఇంగ్లీషు మెకానిక్కుల చేతుల్లో ఉన్నవి విట్‌వర్త్ పానాలు. రెండింటికీ రాజీగా మర అలా, తల ఇలా చేశారు. ఛాసిస్‌కి వెళ్తే మళ్లీ పూర్తిగా ఇంగ్లీషు మర.

దీనివల్ల నా షెడ్డులో జరిగింది చెప్తాను. వాటర్ పంపు దగ్గర ఒక బోల్టు తుప్పు పట్టి విరిగింది. పని నేర్చుకుంటున్న కుర్రాడు హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లి ‘ఎనిమిది ఎమ్మెమ్’ బోల్టు తెచ్చాడు. వేలితో రెండు చుట్లు ఎక్కింది. మూడో చుట్టుకి బిగిసింది. వాడు పానా పెట్టి తిప్పాడు. ‘కిర్’ మని చిన్న చప్పుడు, ఆ తర్వాత వెన్నలో తిరిగినట్టు తిరిగింది. బయటికి తీస్తే బోల్టు మరల మధ్య వెండి తీగల్లాంటి సన్నటి పోగులు, బ్లాకులోంచి వచ్చినవి. బజారులో దొరికే ఎనిమిది ఎమ్మెమ్ బోల్టులో ఒక మరకీ ఇంకో మరకీ ఎడం 1.25 మిల్లీమీటర్లు, ఈ ఇంజన్‌ది 1.0. కుర్రాడిని తిట్టి లాభం లేదు, ముందు చెప్పాల్సింది నేను. కన్నం పెద్దది చేసి, తీగచుట్ట ఇన్‌సర్టు వేసి, మళ్లీ అదే మర కోసేసరికి రెండు రోజులు పట్టింది. కాబట్టి మీ పెట్టెలో పాత బోల్టులు, స్టడ్లు, నట్లు ఒక డబ్బాడు కనిపిస్తున్నాయే, అమ్మేవాడు వాటిని లెక్కలోకే వేసుకోలేదు, ముందు వాటిని పట్టుకోండి. నేనైతే కార్బురేటర్ కిట్ వదిలేసి వాటినే తెచ్చుకుంటాను.

ఇక పాతది ఎక్కడ మంచిది, కొత్తది ఎక్కడ మంచిది అన్న విషయం. ‘ఒరిజినల్’ అనగానే అన్నీ పాతవే కావాలని పట్టుపట్టకండి. ఇనుము, ఇత్తడి, బేకలైటు (ఆ కాలపు గట్టి ప్లాస్టిక్కు) పాతవి వెతకండి. రబ్బరు, కార్కు, కాగితం కొత్తవి కొనండి. ఆ కాలపు ఇంగ్లీషు కార్లకి కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ పాత రోటర్, డిస్ట్రిబ్యూటర్ మూత (ప్లగ్గులకి కరెంటు పంచేవి) దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఇప్పుడొచ్చే చవకరకం రోటర్లలో ఇత్తడి రేకుని పట్టుకునే రివెట్టు దగ్గర కరెంటు లోపలికి లీకై, బండి వేడెక్కాక ఆగిపోతుంది. చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది. మెకానిక్ పెట్రోలు పంపు అంటాడు, ఇంకొకడు కాయిల్ అంటాడు. నేనూ అన్నాను, మూడు వారాలు.

కండెన్సర్ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. పాత కండెన్సర్ ఎంత సీలున్న పెట్టెలో ఉన్నా లోపల ఉన్నది కాగితం చుట్టే. డెబ్భై ఏళ్లలో అది తేమ పీల్చకుండా ఉండదు. దాన్ని చూపించడానికి ఉంచుకోండి, బండికి కొత్తది వేసి ఇంకోటి జేబులో పెట్టుకోండి.

ఫ్యూజుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, 35 ఆంపియర్ల దగ్గర అది తెగుతుందని అర్థం. ఆగకుండా మోయగలిగేది అందులో సగమే. ఇప్పుడు బజారులో 35 అని రాసి ఉన్నది 35నీ హాయిగా మోస్తుంది. అది పెడితే ఫ్యూజు బాగానే ఉంటుంది, వైరింగ్ కాలుతుంది. మీ పెట్టెలో ఉన్న పాత ఫ్యూజుల డబ్బీ చిన్నదే, కానీ విలువైనది.

బ్రేకు రబ్బర్ల దగ్గర మాత్రం రాజీ వద్దు. పాత బ్రేకు కిట్, ప్యాకెట్ విప్పనిదైనా సరే, బండికి వెయ్యకండి. నా సొంత తప్పే చెప్తాను. ఒకసారి మాస్టర్ సిలిండర్‌కి పాత స్టాకు వాషర్లు వేశాను. చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నాయి, పగుళ్లు లేవు, సంబరపడ్డాను. పది రోజులు బాగా పనిచేశాయి. చించినాడ వంతెన ఎక్కి రాజోలు వైపు దిగుతున్నప్పుడు పెడల్ నెమ్మదిగా నేలకి ఆనింది. ముందు గడ్డి ట్రాక్టరు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేరు తగ్గించి ఆపాను. కిందికి దిగాక వంతెన పిట్టగోడ మీద కూర్చుని ఒక పావుగంట ఏమీ చెయ్యలేదు. రబ్బరు పైకి బాగుండి అంచు గట్టిపడితే మనకి తెలియదు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ ఉన్నది. పాత పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, పాత సీళ్లు ఆ రోజు పెట్రోలుకి చేసినవి. వాటిని ఈ పెట్రోలుకి తట్టుకునే కొత్తవాటితో మార్చండి. కార్బురేటర్ బాడీ, పిస్టన్, డోమ్, సూది పాతవే ఉంచుకోండి. టీడీలో ఉండేది ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్, దానికి మామూలుగా వాడే సూది ‘ఈఎస్’. సూది మెడ దగ్గర ఆ అక్షరాలు సన్నగా కొట్టి ఉంటాయి, భూతద్దం పెట్టి చూడండి.

మీ ఫొటోలు మూడుసార్లు చూశాను. నలభై ఆరింటిలో పద్దెనిమిది రబ్బరు, కార్కు. పదకొండు ఇంజన్ నంబరు తేలేవరకు ఏమీ చెప్పలేనివి. మూడు మీ బండివే కావు. కార్బురేటర్ కిట్లో జెట్‌కి సన్నటి నైలాన్ గొట్టం కనిపిస్తోంది చూడండి, అది ఎస్‌యూలోనే తర్వాత వచ్చిన హెచ్‌ఎస్ రకం కార్బురేటర్‌ది. ఆ రెండు చెవుల నట్లు తీగ చక్రాలవి, టీడీకి వచ్చేవి రేకు చక్రాలు. మిగిలింది పద్నాలుగు. ఆ పద్నాలుగుకి, బోల్టుల డబ్బాతో కలిపి, నేనైతే నలభై ఐదు వేల దగ్గర మొదలెట్టి అరవైకి ఆపుతాను. అమ్మేవాడు విడిగా ఇవ్వనంటే వదిలేయండి. కొనేవాళ్లు తక్కువ, రెండు నెలల్లో ఆయనే ఫోన్ చేస్తాడు.

పెట్టెల వయసు చూడటం సరదాగా ఉంటుంది. బీఎంసీ అని అచ్చున్న పెట్టె 1952కి ముందుది కాలేదు, ఆస్టిన్ కంపెనీ, ఎంజీ, మోరిస్‌లున్న నఫీల్డ్ కంపెనీ కలిసి బీఎంసీ అయింది ఆ ఏడాదే. తర్వాత వచ్చిన స్పేర్ల బ్రాండు యూనిపార్ట్ పేరు ఉంటే డెబ్భైలలోదో, ఆ తర్వాతదో. ధర చీటీ మీద షిల్లింగులు, పెన్నీలు ఉంటే 1971 ఫిబ్రవరికి ముందు అంటించింది, ఎందుకంటే ఆ నెలలో ఇంగ్లండ్ దశాంశ నాణేలకి మారింది. బార్‌కోడ్ ఉంటే ఇక నేను చెప్పక్కర్లేదు. యూనిపార్ట్ పెట్టెలో వచ్చిందంటే డూప్లికేటు అని కాదు, కంపెనీ సరుకే కావచ్చు. కానీ ‘బండితో పాటు వచ్చింది’ అని చెప్పి ఆ ధర అడిగితే మాత్రం నవ్వండి. లూకాస్ డైనమో, డిస్ట్రిబ్యూటర్ లాంటివాటి ఒంటి మీదే నెల, ఏడాది అంకెలు కొట్టి ఉంటాయి. పెట్టె అబద్ధమాడొచ్చు, ఆ అంకెలు సాధారణంగా ఆడవు.

సొంతంగా వెతకాలనుకుంటే చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, పుదుపేట, సికింద్రాబాదులో రాణిగంజ్, దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ తిరగండి. వెళ్లి ‘ఎంజీ సామాను ఉందా’ అంటే లేదంటారు, లేదా ఉందని రెట్టింపు చెప్తారు. లూకాస్ పార్టు నంబరు కాగితం మీద రాసుకెళ్లి అది ఉందా అని అడగండి. ఆ రోజుల్లో ఒకే ముక్క మోరిస్‌కీ ఆస్టిన్‌కీ కూడా వేసేవాళ్లు. కొట్టువాడికి అది ఏ బండిదో తెలియకపోవడమే మీకు మంచిది.

ఇప్పుడు దాచడం. మన డెల్టాలో కొనడం తేలిక, కాపాడటం కష్టం. నా పాత స్టాకంతా ఒకప్పుడు ముమ్మిడివరం దగ్గర మా అత్తవారి పెంకుటింట్లో అటక మీద ఉండేది. వరద వస్తే మునగదు కదా అని తెలివిగా పైన పెట్టాను. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకి పెంకులే లేచిపోయాయి. దారులు తెరుచుకుని నేను వెళ్లేసరికి అటకంతా నాని, కొబ్బరిపీచు మధ్య సర్దిన సామాను బురద ముద్దలా ఉంది. పీచు నీళ్లు పట్టుకుని వదల్లేదు, దాంట్లో ఉన్న ప్రతి ఇనపముక్కా ఎర్రబడింది. కార్కు ప్యాకింగులు నూనెలో వేసిన అప్పడాల్లా ముడుచుకుపోయాయి. ఒక పాత బిస్కట్ల రేకు డబ్బా మాత్రం, మూత చుట్టూ మా మామగారు ఎందుకో మైనం పూసి ఉంచింది, మూలన దొర్లి పడి ఉంది. చాకు పెట్టి మూత లేపితే లోపల గ్రీజు వాసన. మైనపు కాగితంలో నాలుగు వాల్వులు, మీద వేలిముద్ర కూడా లేకుండా, నిన్న చుట్టినట్టు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. కిందనో అటకమీదనో కాదు, స్లాబు ఇంట్లో మేడ మీద గదిలో ఇనప బీరువా, గోడకి జానెడు ఎడంగా. ప్రతి ముక్కా స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత వట్టి చేత్తో ముట్టుకోకుండా, ఎందుకంటే మన చెమట చాలు బేరింగు మీద తుప్పు మొదలవడానికి, పలచగా గ్రీజు పూసి మైనపు కాగితంలో చుట్టాలి. న్యూస్‌పేపరు వద్దు, తేమ పీలుస్తుంది. పీచు, గోనెగుడ్డ, రంపంపొట్టు అసలే వద్దు. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ సంచి వెయ్యండి. నీలంరంగు పూసలున్న రకం కొంటే, గులాబీరంగుకి తిరిగినప్పుడు సన్నసెగ మీద మూకుడులో వేయిస్తే మళ్లీ నీలంగా అవుతాయి. వంటింటి మూకుడు వాడకండి, ఇంట్లో శాంతి ముఖ్యం. జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి, మిగతా రోజుల్లో మూడు నెలలకోసారి చూసుకుంటే సరిపోతుంది. రొయ్యల చెరువుల పక్కన ఇల్లయితే ఇంకా తరచుగా చూడాలి.

అట్టపెట్టెల్ని సామానుతో కలిపి ఉంచకండి. గ్రీజు అట్టకి పడుతుంది, చెద కూడా వస్తుంది. వాటిని విడిగా కలరా ఉండలు వేసి దాచండి. ఏ పెట్టె ఏ ముక్కదో పెన్సిలుతో రాసుకోండి, పెన్ను రాత వానాకాలంలో కారిపోతుంది.

మీరు అడగలేదు గానీ ఒక మాట. యాభై ఏళ్లు దాటిన బళ్లకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, ఫీజు ఇరవై వేలు. ఇంజన్, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చకూడదని అందులో షరతు. కాబట్టి ‘ఈ గొడవంతా ఎందుకు, మారుతి ఇంజన్ వేసేద్దాం’ అనే మెకానిక్ మీకు తప్పకుండా తగులుతాడు, ఆయనకి టీ ఇప్పించి పంపించేయండి.

చివరగా తాతగారి పానాల సంచి. అది అమ్మకండి, ముంబై ఆయన పెట్టెలో కలపకండి. పానాల మీద తుప్పుంటే నూనెలో ముంచిన గుడ్డతో రుద్దండి, బఫింగ్ చేయించకండి, వాటి మీద కొట్టిన పేర్లు పోతాయి. సంచి గుడ్డని సర్ఫులో నానబెట్టకండి, కుట్లు ఊడిపోతాయి. దులిపి, ఒక పూట నీడలో గాలికి ఆరేయండి. లోపల ఆయన చేతి నూనె మరక ఉంటే ఉండనివ్వండి. ఇంజన్ పలక ఫొటో, హెడ్‌కీ బ్లాకుకీ మధ్య అతుకు ఫొటో పెడితే ఆ పదకొండు ముక్కల సంగతి తేల్చి చెప్తాను.